కస్తూరి ఆగిన చోటు

విరూపాక్షకు గురువుగారి మీద అనుమానం పట్టుకుంది.

శాంతానందస్వామికి చూపు పోయి ఆరేళ్లయింది. అందులో ఐదేళ్లు ఆయన విరూపాక్ష భుజం పట్టుకునే నడిచారు. గడపలకు కాళ్లు తన్నుకుంటూ, తూలుతూ నడిచారు. కిందటేడు దారి చూపడంలో శిక్షణ పొందిన కుక్క ఒకటి ఆశ్రమానికి వచ్చింది. పేరు కస్తూరి. ఆనాటినుంచి స్వామి చెయ్యి దాని జీను పిడి మీదే. ఒక్కసారి తూలితే ఒట్టు.

'కుక్క వెంట నడిచే మనిషి ఇంత తిన్నగా నడుస్తాడా? ఈయనకు ఎంతో కొంత కనిపిస్తోంది' అనుకున్నాడు విరూపాక్ష. ఇక స్వామి పడిపోయిన గ్లాసు వెతికి తీసినా అనుమానమే, పిల్లల తల నిమిరినా అనుమానమే. చూపు లేదన్నదే అబద్ధమైతే ఇన్నాళ్లూ విన్న బోధ మాత్రం నిజమెలా అవుతుంది? అందుకే ఆరోజు పొద్దున్నే మూట కట్టుకున్నాడు. అబద్ధమని తేలితే అటునుంచి అటే వెళ్లిపోతాడు.

ఆరోజు స్వామి ఊళ్లో బడికి వెళ్లాలి. చూపు లేకుండా ఎలా బతుకుతారో పిల్లలకు చెప్పమని పంతులమ్మ పిలిచింది. విరూపాక్ష ముందే వెళ్లాడు. పిల్లలంతా తరగతిలో ఉండగా వరండా స్తంభాలకు అడ్డంగా ఒక వెదురుకర్ర కట్టాడు, సరిగ్గా స్వామి నుదుటి ఎత్తులో. కుక్క దాని కిందనుంచి దర్జాగా దూరిపోతుంది. స్వామి తల వంచారా, గుట్టు బయటపడ్డట్టే. వంచకపోతే ఏమవుతుందన్నది అతను ఆలోచించలేదు.

స్వామిని నడిపించుకుంటూ కస్తూరి వరండా ఎక్కి, కర్ర దగ్గర ఆగింది.

“పద” అన్నారు స్వామి.

కదల్లేదు.

“పద తల్లీ.”

కస్తూరి అక్కడే కూర్చుంది. కిటికీల్లోంచి పిల్లలు కిసుక్కున నవ్వారు.

“స్వామీ, అది మీ మాట వినట్లేదు! కొట్టరా?” అంది ఒక పాప.

“ఎందుకు వినలేదో చూడాలి కదమ్మా” అంటూ స్వామి చెయ్యి చాచి గాలిలో తడిమారు. నుదుటికి జానెడు దూరంలో వేళ్లకు కర్ర తగిలింది.

పక్క స్తంభం దగ్గర నిలబడి చూస్తున్న విరూపాక్ష ఒక అడుగు ముందుకు వేశాడు.

“ఇది దానికి అడ్డు కాదమ్మా, నాకు అడ్డు. నా ఎత్తెంతో దానికి తెలుసు.”

“మరి అదెవరు కట్టారు?” అని అరిచింది పాప.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, విరూపాక్ష చెయ్యి తన భుజం మీదికి పోయింది.

స్వామి వేళ్లు కర్ర వెంబడే జరిగి ముడి దగ్గర ఆగాయి. ఒక్క లాగుకు ఊడివచ్చే ముడి అది. విరూపాక్షకు దాన్ని నేర్పింది ఆయనే. లాగారు. కర్ర జారింది. ఆయన తాడును నిదానంగా చుట్ట చుట్టారు.

“విరూపాక్షా, ఇలా చెయ్యి పట్టు. పొద్దున నువ్వు మూట కడుతున్న చప్పుడు విన్నాను. ఈ తాడు పనికొస్తుందేమో, ఉంచుకో.”

విరూపాక్ష సిగ్గుతో తల దించుకుని తాడు అందుకున్నాడు.

స్వామి వంగి కస్తూరి మెడ నిమిరారు.

“అనుమానం దీనికీ వచ్చింది నాయనా. ఇది నా ముందే ఆగింది, చాటున కర్ర కట్టలేదు.”