అబ్బులు నర్సరీలో ఫైలు సేవ్ అయిన వైనం

కడియం చుట్టుపక్కల దేవుడు తెలివి పంచినప్పుడు మొదటి బస్తా తమ గుమ్మంలోనే దించాడని అబ్బులు, అతని తమ్ముడు నూకరాజు, అబ్బులు భార్య మాణిక్యం గట్టిగా నమ్మేవాళ్ళు. మొక్కల నర్సరీ వాళ్ళది. చెప్పింది చెప్పినట్టు చేయడమే తెలివంటే, అనేవాడు అబ్బులు.

నర్సరీలో ఉన్న మొక్కల వివరాలన్నీ కంప్యూటర్లో ఒకే ఎక్సెల్ ఫైల్లో ఉండేవి. ఫైలు బాగా పెరిగిపోయింది. సేవ్ నొక్కితే ఆ పని అయ్యేదాకా తెర కొయ్యబారిపోయేది. కంప్యూటర్‌కి మూర్ఛ వచ్చిందనుకుని మాణిక్యం ఉల్లిపాయ కోసి వాసన చూపించేది. విశాఖలో ప్రోగ్రాములు రాసే ఆమె మేనకోడలు ప్రసూనకి ఈ సంగతి తెలిసి, జాలిపడి, సేవ్ చేసే కోడంతా తిరగరాసి పంపింది.

ఆ రోజు హైదరాబాదులో ఒక కొత్త తోట వాళ్ళకి ఆ ఫైలు సాయంత్రంలోగా అందాలి. అందకపోతే బేరం పక్క నర్సరీకి పోతుంది. నమూనా మొక్కల్ని అక్కడికి తీసుకెళ్ళడానికి లారీ కూడా వచ్చేసింది.

ప్రసూన ఫోన్లో నెమ్మదిగా చెప్పింది. "అత్తా, సేవ్ నొక్కాక పని వెనకాల జరుగుతూ ఉంటుంది. దాని కోసం కూర్చోవద్దు. ఎంత శాతం అయిందో ఎప్పటికప్పుడు అదే చెబుతుంది."

అంతే. నూకరాజు సేవ్ నొక్కి, వెనకాల పనిచేసేవాళ్ళకి ఇరుకవుతుందని బల్లని గోడకి దూరంగా జరిపాడు. వాళ్ళకి దాహమేస్తుందని మాణిక్యం అక్కడో గ్లాసు మజ్జిగ పెట్టింది. కూర్చోవద్దన్నారు కాబట్టి ముగ్గురూ నిలబడ్డారు. శాతం చెబుతుందన్నారు కాబట్టి కంప్యూటర్‌కి చెవులు ఆనించారు. కాళ్ళు పీకాయి గానీ అది నోరు మెదపలేదు.

మళ్ళీ ఫోన్ చేస్తే, చెప్పడమంటే చూపించడమనీ, కింద ఆకుపచ్చ గీత నిండుతుందనీ చెప్పింది ప్రసూన. ఇంకేముంది, ముగ్గురూ బల్ల కింద దూరారు. గీత లేదు, బయటి నుంచి పాకిన మనీప్లాంట్ తీగ ఉందన్నాడు నూకరాజు. తెరకి కింది భాగంలో చూడమంది పాపం ఆ పిల్ల. చూశారు. గీత సగానికి వచ్చి ఆగిపోయి ఉంది.

"ఆ ఫైలే ఇంకోచోట తెరిచి ఉన్నట్టుంది మావయ్యా. తెరిచి ఉన్నవన్నీ మూసేయండి."

అబ్బులు తలుపులు మూశాడు. నూకరాజు కిటికీలు మూసి, మొక్కలకి నీళ్ళు వదిలే గొట్టం కట్టేసి, గేటుకి తాళం వేశాడు. టీకి వెళ్ళిన లారీ డ్రైవరు బయటే ఉండిపోయాడు. మాణిక్యం ఆవకాయ జాడీతో సహా వంటింట్లో తెరిచి ఉన్నవన్నీ మూసింది. అన్నీ మూశాం, మా నోళ్ళు తప్ప, అని చెప్పారు.

ప్రసూన తెర మీద ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటీ చెప్పి, తెరిచి ఉన్న ఆ ఫైలుని వాళ్ళ చేతే మూయించింది. గీత మళ్ళీ కదిలింది. ఇక దేన్నీ ముట్టుకోకుండా చేతులు కట్టుకుని చూడమంది.

కొబ్బరితాడు దగ్గర్లోనే ఉంది. నూకరాజు చేతులు అబ్బులు కట్టాడు, అబ్బులు చేతులు మాణిక్యం కట్టింది, తన చేతులు తనే పళ్ళతో లాగి కట్టుకుంది. గీత నిండింది. ఫైలు సేవ్ అయిందనీ, సరే నొక్కమనీ తెర మీద పడింది. మాణిక్యం ముక్కుతో నొక్కింది. ముగ్గురికీ కళ్ళనీళ్ళు తిరిగాయి. సాధించామనుకున్నారు.

ప్రసూన కూడా ఊపిరి పీల్చుకుంది. ఫైలు భద్రంగా కంప్యూటర్లో ఉందనీ, వెంటనే హైదరాబాదు వాళ్ళకి పంపేయమనీ చెప్పి తన పనిలో పడింది.

సాయంత్రం అనుమానం వచ్చి ఫోన్ చేసి, పంపారా అని అడిగింది.

"పంపకేం తల్లీ. డ్రైవరుకి గేటు తీసి, కంప్యూటర్ని లారీ ఎక్కించాం" అన్నాడు అబ్బులు. "వెనకాల వేళ్ళు బాగా పొడుగ్గా ఉన్నాయి. దారిలో ఎండిపోకుండా ఎర్రమట్టి పట్టించి, గోనెగుడ్డ చుట్టి, రెండు చెంబుల నీళ్ళు పోసి మరీ పంపాం. అక్కడ పాతుకోగానే చిగురేస్తుంది, నువ్వేం బెంగపడకు."