నీళ్లు నిలిచిన గుంట

అనగనగా, అంటే ఈ కథ చెప్పేవాడి ఇంటి గోడ పగలకముందు, చాలా చాలా ముందు, ఒక రాజ్యం ఉండేది. నా గోడ సంగతి అడక్కండి పిల్లలూ. ఆ పగుల్లో ఇప్పుడొక బల్లి పిల్లాపాపలతో కాపురముంటోంది. ఇల్లు కట్టేటప్పుడు నేనూ ఎవరి మాటా వినలేదు. కాబట్టి మూర్ఖుల గురించి చెప్పే అర్హత నాకు పుష్కలంగా ఉంది.

ఆ రాజ్యానికి రాజు ఉత్తుంగవర్మ. పేరు పొడుగు, మనిషి పొట్టి, కోపం ముక్కు మీద. ఆయనకు ఏటి పక్కనున్న నల్లరేగడి మైదానంలో మేడ కట్టాలని బుద్ధి పుట్టింది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఇల్లు కట్టబోయే చోట మోకాటి లోతు గుంట తవ్వి, సాయంత్రం నిండా నీళ్లు పోస్తారు. తెల్లారేదాకా నీళ్లు నిలిస్తే ఆ ఇంట సిరి నిలుస్తుందంటారు. ఇంకిపోతే సిరీ ఇంకిపోతుందంటారు.

గుంట తవ్వడానికి ఓబుళమ్మను పిలిపించారు. బావులు తవ్వే ముసలమ్మ ఆమె. నలభై ఏళ్లు మన్ను తవ్వి ఆమె సంపాదించుకున్నది ఒక్కటే: ఊరి చివర సన్నరాళ్లు కలిసిన ఎర్రటి గరపదిబ్బ, దాని మీద చిన్న ఇల్లు.

అది వానలు వెలిసిన నెల. తెల్లారి చూస్తే గుంటలో నీళ్లు అంచుదాకా ఉన్నాయి. ఒక కప్ప ఈత కొడుతోంది.

ఆస్థాన పండితుడు శంఖపాణి శాస్త్రి చప్పట్లు కొట్టాడు. "ప్రభూ! చుక్క తగ్గలేదు! మహాశుభం!"

ఓబుళమ్మ తల అడ్డంగా ఊపింది. "నీళ్లు నిలిచాయంటే ఈ మన్ను నీళ్లు తాగదని దొరా. పత్తి వేయండి, కంది వేయండి, విరగపండుతుంది. మేడ మాత్రం వద్దు. ఇది వానకు పొంగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పైనున్నది గుడిసో మేడో దానికి పట్టదు."

"ఏమే, గునపం పట్టుకుంటే శాస్త్రం వచ్చేస్తుందా?" అన్నాడు శాస్త్రి.

"నాకు శాస్త్రం రాదు సామీ. గోళ్లలో మన్నుంది, అంతే."

రాజుకు కోపం వచ్చింది. "నీ మాట తప్పైతే నీ దిబ్బ నాది."

"ఒప్పైతే దొరా?"

"రాజుతోనే బేరమా?"

ఓబుళమ్మ అప్పుడైనా ఊరుకోవచ్చు. కానీ మేడ ఎవరిదైనా, గోడల కింద పడుకునేది పనివాళ్లే కదా! "నా మాట తప్పు కాదు దొరా. దిబ్బ పందెం" అంది.

మేడ లేచింది. రాణిగారు పెరట్లో మూడు వందల బొప్పాయి మొక్కలు నాటించింది. వానలు పడ్డాయి. మూడు రోజులు నీళ్లు మొదళ్లలోనే నిలిచాయి. వేళ్లు కుళ్లి, చెట్లన్నీ తలలు వేలాడేశాయి. "తోటమాలి బుధవారం నాటాడు ప్రభూ" అన్నాడు శాస్త్రి. తోటమాలిని ఊరి నుంచి వెళ్లగొట్టారు.

తరువాత పొరుగు రాజు విందుకు వచ్చాడు. వెంట వందమంది పరివారం. మరుగుదొడ్డి గుంట నిండింది. నీళ్లు ఇంకే దారి లేక, పోయినవి పోయిన దారినే తిరిగొచ్చి విందు జరిగే వాకిట్లోకి పారాయి.

పొరుగు రాజు పంచె ఎత్తిపట్టుకుని అడిగాడు: "మీ ఊళ్లో అతిథుల కాళ్లు దీంతోనే కడుగుతారా బావగారూ?"

"కుమ్మరి చేసిన గొట్టాల్లో దోషం ప్రభూ" అన్నాడు శాస్త్రి. కుమ్మరికి కొరడా దెబ్బలు పడ్డాయి.

మూడో దెబ్బ ఎండాకాలంలో తగిలింది. నేల చెయ్యి పట్టేంత నెర్రెలిచ్చింది. ఒక మధ్యాహ్నం దర్బారు గోడ నిలువునా చీలి కూలింది. దాని నీడన కునుకు తీస్తున్న వంటమనిషి దాని కిందే పోయింది.

ఈసారి శాస్త్రికి నిందించడానికి ఎవరూ దొరకలేదు. రాజు ఓబుళమ్మను పిలిపించాడు.

"నీ మాటే నిజమైంది. ఇప్పుడు నువ్వే చెప్పు, ఎలాంటి నేల మంచిది?"

ముసలమ్మ మురిసిపోయింది. ఇన్నాళ్లకు అడిగినవాడు దొరికాడు! "గట్టిగా ఉండాలి, నీళ్లు తాగాలి దొరా. పోసిన నీళ్లు తెల్లారేసరికి ఇంకిపోవాలి."

"మన ఊళ్లో అలాంటిది ఎక్కడుంది?"

ఓబుళమ్మ గోళ్లలోని మన్ను గిల్లుకోసాగింది.

"ఒక్కచోటే ఉంది ప్రభూ," అన్నాడు శాస్త్రి మెల్లగా, "ఈమె దిబ్బ."

"మాట తప్పైతేనే కదా దొరా దిబ్బ తమరిదన్నారు?"

"ఒప్పయింది కాబట్టే అడుగుతున్నాను. నువ్వింత బాగా చెప్పకపోతే నాకు నీ దిబ్బతో పనేముంది?"

సభలో ఒక్కరూ నోరెత్తలేదు. నేనక్కడ ఉన్నా ఎత్తేవాణ్ణి కాను.

రాజు ధర్మప్రభువు గనుక, దిబ్బకు బదులు ఆ నెర్రెలిచ్చిన రేగడి ఆమెకు ఇప్పించాడు. దిబ్బ మీద కొత్త మేడ లేచింది. ఇప్పటికీ చెక్కుచెదరలేదట. అంతా శాస్త్రిగారి చలవేనని చెప్పుకుంటారు. ఆయన చేతికి బంగారు కడియం కూడా తొడిగారు.

ఓబుళమ్మ రేగడిలో పత్తి, కంది వేసింది. గోడలు కట్టలేదు, వెదురుతో గుడిసె వేసుకుంది. ఎండాకాలంలో అది ఒక పక్కకు ఒరుగుతుంది. ఆమె వెళ్లి రాటలు సరిచేసుకుంటుంది.

"నోరు మూసుకునుంటే దిబ్బ మిగిలేది కదా అవ్వా?" అని అడిగిందొక పొరుగామె.

"మిగిలేదమ్మా," అంది ఓబుళమ్మ, రాట చుట్టూ మన్ను తొక్కుతూ. "చెప్పినందుకు వంటమనిషైనా మిగిలిందా అంటే, అదీ లేదు."

నీతి: నేల ఎవరి మొహం చూసీ అబద్ధమాడదు, కానీ నేల గురించి నిజం చెప్పబోయేవాడు ముందు వినేవాడి చెవులు కాదు, చేతులు చూసుకోవాలి.