రాజుగారి తెల్ల పొట్టేలు

చిన్న కథే. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అయిపోతుంది.

ఒకానొక రాజ్యంలో యుద్ధం జరుగుతోంది. యుద్ధంలో ఎవరు గెలుస్తున్నారో తెలుసుకోవడం కష్టం. మా మునసబుగారి వ్యాజ్యమే చూడండి. ఏళ్ల తరబడి ఆయన గెలుస్తూనే ఉన్నారు. పొలం మాత్రం అవతలివాళ్లు దున్నుకుంటున్నారు. ప్లీడరుగారు ఎంత సమర్థుడో మునసబుగారి భార్య ప్రతి పేరంటంలోనూ చెబుతుంది. ఆవిడ వాయనంలో శనగలు కాస్త తక్కువే ఉంటాయనుకోండి, అది వేరే సంగతి.

ఇంతకీ రాజుగారి పేరు ప్రతాపమల్లుడు. సింహాసనం మీద కూర్చుంటే సభ ముగిసేదాకా లేవడు. లేస్తే పరువు తక్కువట. అందుకని బయట ఏం జరిగినా ఎవరో ఒకరు వచ్చి చెప్పాల్సిందే.

సరిహద్దులో నెమలిగుట్ట కోటను శత్రువులు చుట్టుముట్టారు. ఆ కబుర్లు చెప్పేవాళ్లు ఇద్దరు. గరుడాచార్యులు రోజూ "శత్రువు పారిపోయాడు ప్రభూ!" అనేవాడు. ఆయనకు పట్టు పరుపు వేశారు. కుంటికాలి ముసలి సిపాయి ఈరప్ప "కోటలో గింజలు నిండుకున్నాయి ప్రభూ, బండ్లు పంపండి" అనేవాడు. అతనికి గుమ్మం పక్కన చోటిచ్చారు. సేనాపతితో అతనికి పాత పగ ఉంది, అందుకే అలా అంటున్నాడని అందరూ కొట్టిపారేశారు.

ఆ కోటలోనే తిప్పన బావమరిది ఓబులేసు ఉన్నాడు. తిప్పన ఆ సభలో విదూషకుడు. ఇంట్లో భార్య తమ్ముడి కోసం కన్నీళ్లు పెట్టుకుంటుంటే, ఇక్కడ రాజుగారిని నవ్వించాలి.

"ప్రభూ, రేపు పొట్టేళ్ల పందెం పెట్టిద్దాం" అన్నాడు తిప్పన. "తెల్లది మనది, దాని తరఫున ఆచార్యులవారు. నల్లది శత్రువుది, దాని తరఫున ఈరప్ప. గెలిచిన పొట్టేలు దాని తరఫువాడికే."

"మేము లేచి రాము" అన్నాడు రాజు.

"తమరెందుకు ప్రభూ? అడ్డంగా తెర కట్టిస్తాను. వాళ్లిద్దరూ తొంగిచూసి చెబుతారు. యుద్ధం కబుర్లు వింటున్నట్టే ఉంటుంది."

మర్నాడు తెర కట్టారు.

"కుమ్మింది ప్రభూ! మన తెల్లది కుమ్మింది! నల్లదాని కొమ్ము విరిగింది!" అని గరుడాచార్యులు గంతేశాడు.

"ఈరప్పా, నీదేం చేస్తోంది?" అన్నాడు రాజు.

"గడ్డి తింటోంది ప్రభూ. తెల్లదీ అదే తట్టలో తింటోంది. నాది పోట్లాడే రకంలా లేదు."

"కళ్లు కుట్టి అంటున్నాడు! నల్లది నేల కూలింది ప్రభూ!"

రాజుగారి మీసం అదిరింది. తిప్పన బంతిపూల దండ అందించాడు. "గెలిచిన వీరుడికి రాజే కదా ప్రభూ దండ వేయాలి!"

ఆ సంబరంలో రాజు లేచాడు. సభంతా నోళ్లు తెరిచింది. ఆయన వెళ్లి తెర లాగాడు.

రెండు పొట్టేళ్లూ ఒకే తట్టలో మూతులు పెట్టి మేస్తున్నాయి. ఒకే తల్లి పిల్లలు, పుట్టి బుద్ధెరిగాక పోట్లాడింది లేదు. తెల్లది తలెత్తి రాజుగారిని చూసి, ఆయన చేతిలో దండ తినసాగింది.

రాజు కిరీటం జారేలా నవ్వాడు.

"మరి ఎవర్ని నమ్మమంటావురా తిప్పనా?"

"తన పొట్టేలు పనికిరాదని తనే చెప్పినవాణ్ణి ప్రభూ. వట్టి చేతులతో ఇంటికి పోవాలని తెలిసీ చెప్పాడు."

రాజు రెండు పొట్టేళ్లూ తిప్పనకే ఇచ్చాడు. పట్టు పరుపు ఈరప్పకిస్తే, కాలు లాగుతుందని అతను కూర్చోలేదు. సాయంత్రానికల్లా ధాన్యం బండ్లు బయల్దేరాయి.

అవి రాజధాని గుమ్మం దాటుతుంటే గరుడాచార్యులు పరుగెత్తుకొచ్చాడు. "ఆగండి! శత్రువు పారిపోయాడు!"

బండ్లవాళ్లు పగలబడి నవ్వి ఎడ్లను అదిలించారు.

బండ్లు చేరేసరికి నెమలిగుట్ట దగ్గర శత్రువు లేడు. వానలు పడ్డాయని, విత్తనాలు చల్లుకోవడానికి అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. కోటలో గింజ లేని మాట కూడా నిజమే. అన్నం ఉడికేదాకా ఆగలేక ఓబులేసు బండిలోని పచ్చి బియ్యమే నమిలాడు.

రాజు గరుడాచార్యుల్ని పిలిపించాడు. "శత్రువు పోయాడని మీకెలా తెలిసింది?"

"తెలియదు ప్రభూ. రోజూ చెప్పేదే ఆరోజూ చెప్పాను."