ఆశన్న ఇంట్లో సోయా పాల పరీక్ష

ఆశన్న ఇంటివాళ్ళకు తమ తెలివి మీద ఎంత నమ్మకమంటే, ఊళ్ళో ఎవరైనా పొరపాటు చేస్తే, పాపం మన ఇంట్లో పుట్టలేదు కదా అని జాలిపడేవారు. చెప్పిన మాటను వెంట్రుకవాసి తేడా లేకుండా చెయ్యడమే తెలివని వాళ్ళ లెక్క. ఒకసారి ఆశన్న తమ్ముడు భోజన్నకు జ్వరం వస్తే డాక్టరు మాత్రలిచ్చి అన్నం తిన్నాక వేసుకోమన్నాడు. ఆ వారమంతా ఇంట్లో జొన్నరొట్టెలే. భోజన్న మాత్ర ముట్టుకుంటే ఒట్టు. చివరికి జ్వరమే విసుగెత్తి వెళ్ళిపోయింది. డాక్టరు మాట జవదాటలేదు కాబట్టే తగ్గిందని ఆశన్న భార్య సాయవ్వ ఊరంతా చెప్పుకుంది.

అంత తెలివైన ఇంటికీ ఒక దిగులుంది. ఎండాకాలంలో బర్రె చచ్చిపోయింది. అప్పటినుంచీ ఆశన్న తల్లి ముత్తవ్వకు నల్ల చాయే గతి. గ్లాసు చేతికివ్వగానే ముసలమ్మ అందులోకి ఒకసారి తొంగిచూసి తాగేది. అది చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

అలాంటప్పుడు సోయా మీద పరిశోధన చేసే వినోదిని మేడమ్ జీపులో వచ్చింది. సోయా గింజల నుంచి పాలు తియ్యొచ్చనీ, కాకపోతే పచ్చివాసన వస్తుందనీ, ఆ వాసన తక్కువుండే రకం కోసం తాము వెతుకుతున్నామనీ చెప్పింది. పాత రకం తెల్లసంచిలో, కొత్త రకం ఎర్రసంచిలో ఇచ్చింది. రోజుకో సంచి. పొద్దున ఆరింటికి నానబెట్టాలి, రెండింటికి పొట్టు తీసి, రుబ్బి, కాచి, వడగట్టాలి. సాయంత్రం తానొచ్చి రుచి చూస్తుంది. సరిగ్గా చేసి చూపిస్తే పాలు తీసే యంత్రం వాళ్ళకే. లేకపోతే పక్కింటి రాజవ్వకు. ఒక నోటుపుస్తకం కూడా ఇచ్చి, ఏం జరిగితే అది రాయమంది.

ఇంకేముంది, ఆశన్న పెన్ను పట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నాడు. రాజవ్వ జల్లెడ అడగడానికొచ్చింది, రాశాడు. మూడింటికి వాన జల్లు పడింది, రాశాడు. భోజన్న గడప తట్టుకుని పొట్టు గిన్నెతో సహా బోర్లాపడ్డాడు. ముందు అది రాసి, తర్వాత తమ్ముణ్ణి లేపాడు. అంతలో పాలు పొంగాయి. సాయవ్వ కేకలేస్తుంటే, "ఆగరాదే, పొంగుతున్నయని రాస్తున్న" అన్నాడు. మంట తగ్గించేసరికి సగం నేలపాలు. మిగిలినవి వడగట్టి అరుగు మీద పెట్టారు. అంతే, గుంజకు కట్టేసిన మేక తాడు తెంపుకుని వచ్చి చుక్క మిగల్చకుండా తాగేసింది. ఆశన్న అదీ రాశాడు.

సాయంత్రం మేడమ్ ఖాళీ గిన్నె చూసి నిట్టూర్చింది. మొదటిసారి కదా అని సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పింది.

"రేపు ఎర్రసంచి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, అది మా పద్ధతి. గింజలు మార్చండి. మిగతాదంతా ఇవాళ ఎలా జరిగిందో అలాగే జరగాలి."

నీళ్ళ కొలత, మంట, టైము మనసులో పెట్టుకుని ఆమె అన్న మాట అది. ఎవరికి చెబుతోందో చూసుకోవద్దూ?

మర్నాడు పుస్తకం ముందు పెట్టుకుని పని మొదలెట్టారు. రాజవ్వ జల్లెడ అడగాల్సిన వేళకు ఆమె అంగట్లో వంకాయలు బేరం చేస్తోంది. ఆశన్న బండి మీద వెళ్ళి, బతిమాలి ఎక్కించుకొచ్చి, జల్లెడ అడిగించి, మళ్ళీ అంగట్లో దింపి వచ్చాడు. మూడింటికి ఆకాశంలో మబ్బు తునక లేదు. భోజన్న ఇంటి మీదికెక్కి నాలుగు బిందెలు కుమ్మరించాడు. ఆ వాన రాజవ్వ ఆరేసుకున్న మిరపకాయల మీద పడింది. తర్వాత దిగొచ్చి గడప తట్టుకుని పడ్డాడు. నిన్న పడినట్టు లేదని సాయవ్వ అంటే మూడుసార్లు పడ్డాడు. మూడోసారి పన్ను కదిలింది, అప్పుడు సరిపోయింది. పాలు పొంగేదాకా ముగ్గురూ నిలబడి చూసి, సగం పోయాకే మంట తగ్గించారు.

అసలు చిక్కు మేకతో వచ్చింది. దానికి ఆకలి లేదు, తాడు తెంపదు, కళ్ళు మూసుకుని నెమరేస్తోంది. ఆశన్నే కొడవలితో తాడు కోశాడు. సాయవ్వ దాని గడ్డం పట్టుకుని, తాగు నా తల్లీ, యంత్రం పోతుందని బతిమాలింది. పాపం మేకకు జాలేసిందేమో, తాగింది. మంచం మీద నుంచి ముత్తవ్వ గుటకలు మింగుతూ చూసింది.

మేడమ్ వచ్చి పుస్తకం చదివి అరుగు మీద కూలబడింది. కాసేపటికి తేరుకుని, ఎర్రసంచిలో ఇంకా గింజలున్నాయి కాబట్టి రేపొక్కటే అవకాశమంది. ఈ కొత్త రకం పాలు ఎలా ఉన్నాయో తెలిస్తే చాలు, యంత్రం ఇచ్చేస్తానంది.

"రేపు మేక ఉండకూడదు. ఆ ఒక్కటే మార్చండి. ఇంకేదీ మార్చకండి" అని దణ్ణం పెట్టి చెప్పింది.

మూడోరోజు పొద్దున్నే మేకను చుట్టాలింటికి తోలేశారు. రాజవ్వ తనే టైముకు వచ్చి జల్లెడ అడిగి, తిట్టి వెళ్ళింది. వాన పడింది, భోజన్నా పడ్డాడు. సగం పొంగిపోగా మిగిలిన పాలు తెల్లగా, కమ్మగా వచ్చాయి. అరుగు మీద పెట్టి అందరూ హమ్మయ్య అనుకున్నారు. అప్పుడు ఆశన్న పేజీ తిప్పి తెల్లబోయాడు. గుంజకు కట్టేసిన మేక తాడు తెంపుకుని వచ్చి తాగిందని ఉంది. మేడమ్ మార్చమన్నది మేకను ఒక్కదాన్నే, తాగడాన్ని కాదు. మరి ఆ పని ఎవరు చెయ్యాలి?

ముత్తవ్వ మంచం దిగింది. "నన్ను కట్టుండ్రి బిడ్డా" అంది.

ఆమె తెలివికి కొడుకులిద్దరూ మురిసిపోయారు. నడుముకు పాత తాడు చుట్టి గుంజకు కట్టారు. ముసలమ్మ ఒక్క గుంజు గుంజింది. అంతే, తాడు తెగింది. గిన్నె ఎత్తి గడగడా తాగి, అడుగున మిగిలింది వేలితో నాకేసింది.

మేడమ్ వచ్చేసరికి గిన్నె మళ్ళీ ఖాళీ. ఆమెకు కోపం ముంచుకొచ్చింది. నోరు తెరవబోతుంటే ముత్తవ్వ కొంగుతో మూతి తుడుచుకుంటూ, "పచ్చివాసన లేదు బిడ్డా. బర్రె పోయినంక ఇయ్యాల్నే పాలు తాగినట్టున్నది" అంది. ముసలమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మేడమ్ పుస్తకం తెరిచి చూసింది. ఆశన్న చివరి వరుసలో రాశాడు: మేక కంటే అమ్మ తొందరగా తాగింది.

మేడమ్ కడుపు పట్టుకుని నవ్వింది. తనకు తెలియాల్సింది తెలిసిపోయిందంటూ జీపులోంచి యంత్రం దింపించింది. పరీక్ష అయిపోయింది, ఇక రోజూ ఇలాగే పాలు తీసుకుని చాయ తాగండని చెప్పి వెళ్ళింది.

వారం తిరక్కుండా ఆమెకు సాయవ్వ రాయించిన ఉత్తరం అందింది. యంత్రం బంగారంలా పనిచేస్తోందట. అత్తమ్మ రోజూ చాయ తాగుతోందట. కాకపోతే కట్టిన తాడు కట్టినట్టే తెంపేస్తోంది, ఇంట్లో తాళ్ళన్నీ అయిపోయాయి, యంత్రంతోపాటు ఇవ్వాల్సిన తాళ్ళు ఎప్పుడు పంపుతారని అడిగింది.