గాడిదకొండ మీద శీతలాంబ వెలసిన కథ

పినాకినీ నదికి ఉత్తరాన వేలగలపాడు అనే దుర్గాన్ని పూర్వం కేతినాయకుడనే సామంతప్రభువు ధర్మం తప్పక పాలించేవాడు. దండనలో మాత్రం ఆయన మహాకఠినుడు. నేరం రుజువైనవాడికి గుండు కొట్టించి, గాడిద మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, వీధివీధినా ఊరేగించేవాడు.

ఒక గ్రీష్మంలో ఆ దుర్గాన్ని మసూచి ఆవరించింది. బోయీలు పల్లకీలు విడిచి, రౌతులు గుర్రాలెక్కి పారిపోగా, నాయకుని ధర్మపత్ని మాచాంబ ఒక్కతే రోగుల నడుమ నిలిచింది. ఊరి వెలుపలి కొండ మీద చల్లని గాలీ, వేపవనమూ, ఎండని ఊటా ఉన్నాయని ఆమె ఎరుగును. చాకలివారు వలసపోతూ విడిచిన కుంటిగాడిద ఒకటి రేవులో కనబడగా, ఆ సాధ్వి దాని వీపున బొంత పరచి, నడవలేనివారిని ఒక్కొక్కరినే కొండకు చేర్చసాగింది. ఆ మూగజీవం ఎండకు వెరవలేదు, ఎవరినీ కింద పడవేయలేదు.

కడకు నాయకునికే అమ్మవారు పోసింది. గాడిదను వాకిట నిలిపేసరికి ఆయన ముఖం తిప్పుకున్నాడు.

“దొంగలను ఎక్కించే వీపు అది. నేనెలా ఎక్కను, మాచాంబా?”

“ఎక్కినవారు దొంగలో దొరలో దానికి తెలియదు స్వామీ. మోయడమొక్కటే తెలుసు,” అన్నదామె.

ఆయన ఆమె భుజం పట్టుకొని ఎక్కాడు. దారి నిలువుగా లేచినచోట, జ్వరతాపంతో సోలిపోతున్న ఆయనకు, పసుపుచీర కట్టిన ఒక స్త్రీ పగ్గం పట్టుకొని ముందు నడుస్తున్నట్టు గోచరించింది. ఆమె చేతిలోని వేపమండ కదిలినప్పుడల్లా ఆయన ఒళ్లు చల్లబడింది. శిఖరం చేరాక, “పగ్గం పట్టిన ఆ ఇల్లాలు ఎవరు?” అని అడిగాడు.

“మిమ్మల్ని పట్టుకొని నేను పక్కన నడిచాను. ముందు ఎవరూ లేరు. దీనికి పగ్గమే లేదు,” అన్నది మాచాంబ.

మసూచి తల్లి, గార్దభవాహన అయిన శీతలాంబే తనను నడిపించిందని గ్రహించి, నాయకుడు ఆ గాడిద పాదాలకు మొక్కాడు. స్వస్థుడయ్యాక ఊరేగింపు దండనను మాన్పించి, శిఖరాన అమ్మకు ఆలయం కట్టించి, గర్భగుడికి ఎదురుగా నల్లరాతిలో గాడిదను చెక్కించాడు.

నేటికీ ఆటలమ్మ తగ్గిన బిడ్డలను తల్లులు ఆ రాతివీపున క్షణకాలం కూర్చోబెడతారు; ఆ చోట రాయి నున్నబడి అద్దంలా మెరుస్తుంది. చైత్రమాసపు జాతరలో గ్రామపెద్ద తొలి పసుపునీళ్లు ఆ గాడిద కాళ్లకే పోస్తాడు. శాసనాల్లో ఖరాద్రి అయినా, జనం నోట అది గాడిదకొండే. ఎంత కోపం వచ్చినా వేలగలపాడులో ఎవరూ ఎవరినీ గాడిదా అని తిట్టరు; ఓర్పుగా పని చేసుకునే బిడ్డను మాత్రం తల్లి అలా పిలిచి నుదుట ముద్దు పెట్టుకుంటుంది.