మూత పెట్టిన టెలిస్కోపు

కోదండపాణి సారుని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆ సంగతి తెలిసీ ఆయన శిష్యురాలు మునిరత్న ఆ సాయంత్రం అడిగింది.

"నేను పట్టుకున్న మేఘం నిజంగా పైన ఉందని నాకు నమ్మకం కుదిరేదెప్పుడు సార్?"

కంటికి ఆనే మేఘం కాదది. పదహారు కిలోమీటర్ల ఎత్తున, మంచుపలుకులతో అల్లిన పలచటి పొర. లేజర్ వెలుగు పైకి కొట్టి, తిరిగొచ్చిన నలుసంత వెలుగును టెలిస్కోపుతో పట్టుకుంటే గ్రాఫులో చిన్న బొడిపెగా తేలుతుంది. అలాంటివి ఇరవైఏడు సాయంత్రాలు పట్టింది మునిరత్న. నాలుగేళ్ల చాకిరీ. సోమవారం థీసిస్ ఇచ్చెయ్యాలి.

సారు గోడకు వేలాడే రేకు మూత చూపించారు. "ఇవాళ దాన్ని నువ్వు పెట్టమ్మా."

ఆ మూత సారు చాదస్తం. రోజూ ఆకాశం చూసేముందు టెలిస్కోపుకు మూత బిగించి, లేజర్ కొడుతూనే పది నిమిషాలు ఆ చీకటిని కొలిచేవారు. "మూత పెట్టి చూస్తే ఏం కనబడుద్ది, మూతే గదా" అని శిష్యులంతా వెనక నవ్వేవాళ్లు. అందులో మునిరత్న గొంతే పెద్దది. పది నిమిషాలు కలిసొస్తాయని, తను ఒక్కతే కొలిచిన ఆ ఇరవైఏడు రోజులూ మూత జోలికే పోలేదు.

సారు టీకి వెళ్లారు. మునిరత్న మూత బిగించి కొలిచింది. సరిగ్గా పదహారు కిలోమీటర్ల దగ్గర, అదే బొడిపె.

ఆకాశమే లేనిచోట మేఘమెక్కడిది? లేజర్ పేలినప్పుడల్లా తీగల్లో పుట్టే కరెంటు వణుకది. అసలైన మేఘం కాస్త పైకో కిందికో జరుగుతుంది. ఇది పంచాయితీకొచ్చిన పెత్తందారులా ఒక్కచోటే బిగదీసుక్కూర్చుంటే, అదే గొప్ప అనుకుని మురిసిపోయింది పిచ్చిది.

గదిలో ఎవరూ లేరు. మూత పెట్టి చూశావా అని ఏ పరీక్షకుడూ అడగడు, సగంమంది పండితులకు ఆ ఊహే రాదు. ఈ ఒక్క ఫైలు చెరిపేస్తే సోమవారం సోమవారంలాగే వస్తుంది. మౌసు మీద ఆమె చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత లాగ్ బుక్కు తెరిచి, చూసింది చూసినట్టు రాసింది.

సోమవారం వచ్చింది, పోయింది. మరో పదిరోజులు కూర్చుని ఒక్కో సాయంత్రపు గ్రాఫులోంచీ ఆ వణుకును తీసేసి, కాగితాలు సారు ముందు పెట్టింది.

"ఇరవైమూడు పోయాయి సార్."

"మిగిలినవి?"

"నాలుగు. కదులుతున్నాయి. ఒకటైతే గంటలో అరకిలోమీటరు దిగింది."

సారు ఆ నాలుగింటినీ చాలాసేపు చూశారు. లేచి, మూత దించి, వెనక్కి తిప్పారు. లోపలివైపు వెలిసిపోయిన పెయింటుతో ముప్పయ్యేళ్ల కిందటి తేదీ ఒకటి ఉంది. మూత బిగించిన రోజు చూసి, అది చేసిన తేదీ అనుకుంది మునిరత్న.

"ఇదేంటి సార్?"

"నా మేఘం పోయిన రోజు. నాది అచ్చయ్యాక పోయింది." జేబులోంచి మార్కర్ తీసి ఆమె చేతికిచ్చారు.

"కింద చోటుందమ్మా."