తలుపు పట్టుకున్న మనిషి

ఒకతను పన్నెండేళ్లు పరాయి దేశంలో తలుపు తీశాడు. అదే అతని ఉద్యోగం. అక్కడొక అద్దాల మేడ ఉంది, ఆ మేడకో తలుపు ఉంది, ఆ తలుపుకో పిడి ఉంది. ఎవరొచ్చినా ఆ పిడి లాగి పట్టుకుని, నడుం వంచి, "దయచేయండి" అనాలి. మేడ లోపల ఏముందో అతనికి తెలీదు. చెప్పినవాళ్లూ లేరు, అతను అడిగిందీ లేదు.

ఇప్పుడు ఇంటికొచ్చేశాడు.

అతని భార్య వారం ముందునుంచే కాలు నిలవకుండా తిరిగింది. గోడలకి సున్నం కొట్టించింది. గడపకి పసుపు రాసింది. వంకాయా ఎండురొయ్యలూ కలిపి కూర వండింది. ఫోను చేసినప్పుడల్లా అతను తలుచుకున్నది ఆ కూరనే. రెండు కంచాలు తోమి పక్కపక్కన బోర్లించింది. ఆవిడకి మహా కోరికలేం లేవండీ. మొగుడు లోపలికొచ్చి పక్కన కూర్చుని అన్నం తింటే చాలు. ఒక్క కంచం ముందేసుకుని కూర్చోవడం ఆవిడకి మొహం మొత్తేసింది పాపం.

ఎర్రనీళ్లు తిప్పి పారబోసి, "రావయ్యా, కుడికాలు పెట్టు" అంది.

అతను గడప దాకా వచ్చాడు. అక్కడ తలుపు కనిపించింది. అతను వెళ్లేనాటికి ఆ ఇంటికున్నది తాటాకు తడిక. అతను పంపిన డబ్బుతో ఆవిడే ఆ తడిక తీయించి టేకు తలుపు పెట్టించింది, దానికి ఇత్తడి పిడి వేయించింది. ఆ పిడి చూడగానే అతని కుడిచెయ్యి దానంతటదే వెళ్లి పట్టుకుంది. తలుపు బార్లా తెరిచి, ఓ పక్కకి ఒదిగి, నడుం వంచి, "దయచేయండి" అన్నాడు.

ఆవిడ కిసుక్కున నవ్వింది. సరసమాడుతున్నాడనుకుంది. వయ్యారంగా లోపలికి నడిచి వెనక్కి తిరిగి చూస్తే, మనిషి ఇంకా బయటే ఉన్నాడు.

"ఇక నువ్వు రా."

"అందరూ వెళ్లాక వస్తా."

"అందరూ ఎవరయ్యా? ఈ ఇంటికి మనమిద్దరమేగా!"

"ఎవరైనా రావచ్చు" అన్నాడతను బుద్ధిగా.

వచ్చింది కూడా. పక్కింటి కోడి. దానికీ నడుం వంచాడు, దానికీ దయచేయండి అన్నాడు. కోడిని తోలుకుపోదామని పక్కింటావిడ పరిగెత్తుకొస్తే ఆవిడకీ అదే మర్యాద. ఆ ఇల్లాలికి పుట్టి బుద్ధెరిగాక ఎవరూ తల వంచలేదు. లోపలికెళ్లి, పెరటి తలుపులోంచి బయటపడి, ఇల్లంతా చుట్టి మళ్లీ వీధి గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. కోడి సంగతి మర్చేపోయింది.

ఇంకేముంది, ఊరు ఊరంతా తయారైంది. వీధి గుమ్మంలోంచి రావడం, మర్యాద పుచ్చుకోవడం, పెరట్లోంచి పోవడం, మళ్లీ వచ్చి వరసలో నిలబడడం. పొలం పనులు ఆగిపోయాయి. అత్తాకోడళ్లు "ముందు నేనంటే నేను" అని జుట్లు పట్టుకున్నారు. ఊరిపెద్ద సంగతి చెప్పనే అక్కర్లేదు. అందరూ నమస్కారం పెట్టే మనిషేగా, ఆయనకిదేం మోజో! రోజుకి మూడుసార్లు, ఇస్త్రీ పంచె కట్టుకుని, వరస తప్పించుకుని మరీ వచ్చేవాడు.

ఇల్లు కాస్తా సందైపోయింది. వచ్చినవాళ్లు ఊరుకుంటారా? మంచినీళ్లు అడిగేవాళ్లు, పచ్చడి రుచి చూసేవాళ్లు, గోడ మీద సున్నం గీకి చూసేవాళ్లు. బోర్లించిన రెండు కంచాలనీ తొక్కకుండా కాపాడుకోవడం ఆవిడకో పెద్ద పనైపోయింది.

అతను మాత్రం కదల్లేదు. కుడిచెయ్యి పిడి మీదే ఉంది కాబట్టి తినడానికి చెయ్యి లేదు. ఎడమచేత్తో తినమంటే ఛీ అన్నాడు. ఆవిడే అరుగు మీదికి గిన్నె తెచ్చి, వచ్చేపోయేవాళ్ల మధ్య నోట్లో ముద్దలు పెట్టింది. పెట్టిన ముద్దకీ "థాంక్స్ మేడమ్" అన్నాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

నాలుగోనాడు వడ్రంగిని పిలిచి, మడతబందులు ఊడదీయించి, తలుపు తీసి గోడకి చేరేయించింది. "ఇప్పుడేం పట్టుకుంటావో పట్టుకో" అంది.

అతను గాలిని పట్టుకున్నాడు. పిడి ఉండాల్సిన చోట గుప్పిట బిగించి, లేని తలుపుని లాగి, దయచేయండి అన్నాడు. విడ్డూరం అది కాదు. అతను లాగేదాకా జనం గడప అవతలే ఆగడం విడ్డూరం. ఒకడు తొందరపడి ముందే నడవబోయి, ముక్కు బద్దలైందని లబోదిబోమన్నాడు. చేసేది లేక ఆవిడ తలుపు మళ్లీ పెట్టించింది.

ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది, వరస కాస్త పలచబడింది. ఆవిడ వచ్చి అరుగు మీద చతికిలబడింది.

"ఒక్క మాట అడుగుతా, చెప్పు. నామీద ఇష్టం పోయిందా?"

అతను అదిరిపడ్డాడు. "అదేం మాటే! నీ పక్కన కూర్చుని తినాలనేగా అంత దూరం నుంచి వచ్చింది!"

"మరి రావేం?"

"పిడి ఎలా వదలను? మార్పు మనిషి రావాలి కదా."

"ఎవడు వాడు?"

అప్పుడు చెప్పాడు. అక్కడి పద్ధతి అది. డ్యూటీ అయ్యాక, మార్పు మనిషి వచ్చి పిడి మీద చెయ్యేసి, "పట్టుకున్నాను, వెళ్లు" అనాలి. అంటేనే వదలాలి. చివరిరోజున మాత్రం ఎవరూ రాలేదు. విమానానికి వేళ మించిపోతోందని బండిలో కుక్కి పంపించేశారు. "నన్నెవరూ మార్చలేదే" అన్నాడు.

ఇంత చిన్న మాటా! ఆవిడ లేచి, చెంగుతో చెయ్యి తుడుచుకుని, పిడి మీద వేసి, "పట్టుకున్నాను, వెళ్లు" అంది.

అతని చెయ్యి ఇట్టే ఊడొచ్చింది. వేళ్లు ముడిచాడు, చాచాడు. కుడికాలు పెట్టి లోపలికెళ్లాడు. కంచం తిరగేసుకుని, ఆ పూట మళ్లీ వండిన కూరా అన్నమూ వడ్డించుకుని కూర్చున్నాడు. అప్పుడు పక్కనున్న రెండో కంచం వంక చూసి, "రావే" అన్నాడు.

ఆవిడ వెళ్లబోయింది. చెయ్యి రాలేదు.

గుంజింది. రాలేదు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత పట్టరాని కోపం వచ్చింది.

"కూర్చో నాయనా, హాయిగా కూర్చో! నీకు చివరి ఒక్కరోజే మార్పు మనిషి రాలేదు. నాకు పన్నెండేళ్లలో ఏ రోజు వచ్చాడు? పురుటికొచ్చిన చుట్టాలకి తలుపు తీశాను, అప్పులవాళ్లకి తీశాను, మీ అమ్మ పాడె వెళ్లడానికీ నేనే తీశాను. పట్టుకున్నాను వెళ్లు అని ఒక్కడన్నాడా? ఒక్కడు?"

అతను చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఈ ఇంటికీ ఓ డ్యూటీ ఉందనీ, దానికీ ఓ మనిషి ఉందనీ అతనికి ఆ క్షణం దాకా తట్టనే లేదు. సిగ్గుతో చితికిపోయాడు. లేచి వచ్చి ఆవిడ చెయ్యి మీద తన చెయ్యేసి, "పట్టుకున్నాను, వెళ్లు" అన్నాడు.

"నువ్వు పట్టుకుంటే నేను ఒక్కదాన్నే తినాలి. అది నాకు కొత్తా?" అని ఆవిడ వదల్లేదు. అతనూ వదల్లేదు. కంచాలు లోపల, మనుషులు గుమ్మంలో. కూర చల్లారిపోతోంది.

సరిగ్గా అప్పుడే ఊరిపెద్ద మూడో మర్యాదకి వేంచేశాడు. ఉత్తరీయం సర్దుకుని, గొంతు సవరించుకుని, నిలబడ్డాడు. ఎవరూ నడుం వంచలేదు. మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు.

"ఏమిటర్రా ఇది? నేనొచ్చి ఎంతసేపైంది!"

"మా చేతులు ఖాళీ లేవు పెద్దయ్యగారూ" అంది ఆవిడ.

"ఒక్క తలుపుకి ఇద్దరా! చేతకాకపోతే తప్పుకోండి. తలుపు తీసుకోవడం నాకు రాదనుకున్నారా?" ఆయన విసురుగా ముందుకొచ్చి పిడి అందుకున్నాడు. "ఇదిగో, పట్టుకున్నాను. వెళ్లండి!"

రెండు చేతులూ ఒక్కసారే ఊడొచ్చాయి.

వాళ్లు వెళ్లారు. ఊరిపెద్ద నడుం దానంతటదే వంగింది, నోరు దానంతటదే "దయచేయండి" అంది. ఆ మాట ఆయన నోట వినగానే వరసలో ఉన్న జనం హడలిపోయి, దొరికిన దారినల్లా ఇళ్లకి పరిగెత్తారు. కోడి ఒక్కటే మిగిలింది.

లోపల రెండో కంచం తిరగేసిన చప్పుడైంది. ఆవిడ కూర మళ్లీ వెచ్చబెట్టింది. అతను పక్కకి జరిగి చోటిచ్చాడు.

"అమ్మాయ్!" అని పిలిచాడు ఊరిపెద్ద గుమ్మంలోంచి. గొంతులో పెద్దరికం బాగా తగ్గింది. "మరి నన్నెవరు మారుస్తారు?"

ఆవిడ తొందరపడలేదు. మొదటి ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి మింగింది.

"ఎవరో ఒకరు వస్తార్లెండి" అంది. "నాకు పన్నెండేళ్లకి మీరు రాలేదూ?"